ఆన్‌లైన్ వేలంలో పాత పోస్టు కవర్లు: కొన్నేళ్లుగా కొంటున్నవాడి సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. పాత పోస్టు కవర్లు కొనుక్కోవడానికి ఆన్‌లైన్ వేలం మంచి చోటే. ఎక్కడో లండన్ అటకమీది పెట్టెలోంచి బయటపడ్డ బెజవాడ కవరును ఇంట్లో కూర్చుని చూడగలగడం మన ముందుతరం సేకర్తలకు లేని భాగ్యం. కాకపోతే లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) పైన సెల్లర్ రాసిన శీర్షిక ఉందే, దాన్ని పెళ్లిళ్ల పేరయ్య మాటల్లా వినాలి. వినడం వరకే, విచారణ మాత్రం మనమే చేసుకోవాలి.

సెల్లర్లందరూ మోసగాళ్లని కాదు. చాలామంది పాత ఇళ్లు ఖాళీ చేసినప్పుడు వచ్చే సామాను గంపగుత్తగా కొని, ఫొటోలు తీసి పెట్టేస్తారు. రాణి బొమ్మ కనిపిస్తే '1800లు, అరుదైనది' అని రాసేస్తారు. నేను ఎక్కువగా కొనేది స్టాంపు కవరు మీదే అచ్చయి వచ్చే రకం. తారీఖు తప్పులు వీటిలోనే ఎక్కువ. అచ్చు స్టాంపు మీద సంవత్సరం ఉండదు, పైగా పోస్టు ముద్ర సగం సగమే పడుతుంది.

నేను తరచూ చూసే తప్పు 'ఈస్ట్ ఇండియా' అన్న మాట దగ్గర మొదలవుతుంది. ఆ అక్షరాలు చూడగానే సెల్లర్‌కి కంపెనీ గుర్తొస్తుంది. విక్టోరియా తల ఉన్న పావు అణా పోస్టుకార్డు పెట్టి, 'ఈస్టిండియా కంపెనీ కాలం, 1850లు' అని రాసినవి ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. మన దేశంలో పోస్టుకార్డు మొదలైందే 1879 జులై 1న. కంపెనీ చేతిలోంచి పాలన 1858లోనే పోయింది, 1874కల్లా కంపెనీయే లేదు. అయినా అతికించే స్టాంపుల మీద 'ఈస్ట్ ఇండియా' అన్న పేరు అలాగే నడిచి, 1882లో మొదలైన కొత్త వరుసలో 'ఇండియా'గా మారింది. అంటే కంపెనీ పేరు చెప్పి అడిగే ధరలో సగానికి పైగా గాలే.

రాజుల తలలతో తారీఖు కట్టడం కూడా అంతే. విక్టోరియా 1901 జనవరిలో పోయింది, ఎడ్వర్డ్ బొమ్మతో మన స్టాంపులు 1902లో వచ్చాయి. పోస్టాఫీసులో మిగిలిన పాత సరుకును ఎవరూ పారెయ్యలేదు కదా! విక్టోరియా కవరు మీద 1903 ముద్ర ఉంటే కంగారు పడక్కర్లేదు. తల చెప్పేది 'దీనికంటే ముందుది కాదు' అనే. 'దీని తర్వాతది కాదు' అని అది చెప్పదు.

ముద్ర చదవడానికి కాస్త ఓపిక కావాలి. రోజు, రెండక్షరాల నెల, రెండంకెల ఏడాది, ఒక్కోసారి గంట కూడా ఉంటాయి. ఏది ఏదో తెలియక గంటను ఏడాదిగా చదివేస్తారు. ఒక విదేశీ సెల్లర్ అయిదో జార్జి కవరు మీద 'ఏపీ' అన్న రెండక్షరాలు చూసి 'ఆంధ్రప్రదేశ్ కవరు' అని రాశాడు. అది ఏప్రిల్ నెల. ఆంధ్రప్రదేశ్ పుట్టడానికి అప్పటికి ఇంకా చాలా ఏళ్లుంది.

నాకు బాగా పనికొచ్చేది చిరునామా. ఊరి పేరు కొకనాడా అనీ, బెజవాడ అనీ, మసులిపటం అనీ ఉంటే పాత వాసన కొడుతుంది గానీ, అలవాటుకొద్దీ పాత పేరు తర్వాత్తర్వాత కూడా రాసేవాళ్లు. కాబట్టి అదొక్కటే చూసి తారీఖు కట్టకూడదు. అదే ఆరంకెల పిన్ కోడ్ కనిపించిందా, ఇక వాదన లేదు. పిన్ వచ్చింది 1972 ఆగస్టు 15న. '1950ల నాటి అరుదైన కవరు' అని పెట్టిన ఒకదాని మీద, పంపినవాళ్ల రబ్బరు స్టాంపులో పిన్ కోడ్ స్పష్టంగా ఉంది. విలువ 'నయా పైసల్లో' ఉంటే అది 1957 ఏప్రిల్ తర్వాతిది. 1964లో 'నయా' తీసేశారు.

స్వాతంత్ర్యం కవర్ల సంగతి వేరే చెప్పాలి, అక్కడ డబ్బు ఎక్కువ పోతుంది. జాతీయ జెండా ఉన్న మూడున్నర అణాల స్టాంపు 1947 నవంబరు 21న విడుదలైంది. ఆ స్టాంపు మీద ఆగస్టు 15 ముద్ర ఉన్న కవరు ఎవరైనా చూపిస్తే, ఆ ముద్ర ఎలా పడిందో వాళ్లనే అడగండి.

ఇక నాకు ఇష్టమైన నిజాం కవర్లు. వీటిని అటు పర్షియా కిందా, ఇటు టర్కీ కిందా పెట్టేవాళ్లకి లెక్కలేదు. అరబ్బీ లిపి కనిపిస్తే చాలు, మధ్యప్రాచ్యం అనేస్తారు. 1871 నుంచి వచ్చిన హైదరాబాదు స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లిషు, మరాఠీతో పాటు తెలుగులోనూ విలువ ఉంటుంది. ఫొటో పెద్దది చేసి మూలల్లో వెతికితే మన అక్షరాలు కనిపిస్తాయి. ఇది కొనేవాడికి లాభించే తప్పు. పర్షియా సేకర్తలకి అది అక్కర్లేదు, హైదరాబాదు సేకర్తలు అక్కడ వెతకరు. అలా మంచి కవర్లు టీ ఖర్చుకి దొరికాయి. సెల్లర్‌కి ముందే చెప్పి ధర పెంచేటంత ధర్మరాజుని కాను.

ఎదురు తిరిగే తప్పు సంవత్సరం దగ్గర వస్తుంది. ఒక లాట్‌లో కవరు మూలన గుమాస్తా చేతిరాతలో 'బహమన్, 1345' అని ఉర్దూలో ఉంది. సెల్లర్ దాన్ని హిజ్రీ (ముస్లిం పంచాంగం) సంవత్సరం అనుకుని 1926 అని రాశాడు. స్టాంపేమో చార్మినార్ బొమ్మ ఉన్న ఒక అణా, అది వచ్చిందే 1931లో. రెండూ పొసగవు. బహమన్ అన్నది ఫసలీ నెల, అంటే భూమిశిస్తు లెక్కలకి వాడిన పంటల సంవత్సరంలోది. మొహర్రం, సఫర్ లాంటి పేర్లుంటే హిజ్రీ, ఆజూర్, దై, బహమన్ అంటే ఫసలీ. పొలం కాగితాలు తిరగేసినవాళ్లకి ఫసలీ కొత్తేం కాదు, 590 కలిపితే చాలు: 1345 అంటే 1935. బహమన్ ఆ లెక్కన 1935 చివరికి వస్తుంది. దీంతో స్టాంపూ తారీఖూ కలిసిపోయాయి, కవరు తొమ్మిదేళ్లు చిన్నదైంది. ఉర్దూ అంకెలు చదివేటప్పుడు రెండుకీ మూడుకీ తేడా ఒక్క పన్ను గీతేనని గుర్తుంచుకోండి. సున్నా అయితే ఒట్టి చుక్క, మరకలో కలిసిపోతుంది.

ఇంకొకటి. నిజాం స్టాంపులు రాజ్యం లోపలే చెల్లేవి. బయటి ఊళ్లకు పంపాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. ఒక్క నిజాం స్టాంపుతో మద్రాసు చేరిన కవరు అంటే నాకు అనుమానమే. 1950 ఏప్రిల్ 1న ఆ తపాలా భారత తపాలాలో కలిసింది కాబట్టి, అదే వీటికి చివరి హద్దు. కోర్టు ఫీజు స్టాంపులున్న కాగితాలను కూడా 'నిజాం పోస్టు' అని అమ్ముతుంటారు, చూసుకోండి.

బిడ్ వేసే ముందు వెనక వైపు ఫొటో అడుగుతాను. ఆ రోజుల్లో కవరు చేరిన ఊరి ముద్ర వెనక పడేది. ముందు ముద్రకీ వెనక ముద్రకీ మధ్య దూరానికి తగ్గ రోజులుండాలి. రేటు కూడా చూస్తాను: ఉత్తరం రేటు 1922లో అర అణా నుంచి అణా అయింది. అర అణా కవరు 1925లో అదనపు స్టాంపు లేకుండా, జరిమానా ముద్ర లేకుండా చేరిందంటే ఏదో తేడా ఉంది.

ఇంటికొచ్చాక భూతద్దం, చవక అల్ట్రావయొలెట్ టార్చ్ చాలు. చీకట్లో కాగితం నీలం తెలుపుగా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు. అది కాగితంలో వాడుకలోకి వచ్చింది దాదాపు 1950 నుంచి. విక్టోరియా కవరు అలా వెలిగితే వెంటనే వాపసు పెట్టండి. వాపసుల్లో మాత్రం వేలం సైట్లకి నేను మార్కులు తక్కువే వేస్తాను. 'ఉన్నది ఉన్నట్టు అమ్మాం' అని ఒక సెల్లర్ నెల్లాళ్లు తిప్పాడు. చివరికి తారీఖు తప్పని స్టాంపు విడుదల తేదీతో చూపించాకే డబ్బు వచ్చింది. అందుకే లాట్ పేజీని శీర్షికతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను, తర్వాత అది మారిపోతుంది.

చిన్న ధరల కవర్లకి ఈ పద్ధతి నాకు బాగా కుదిరింది. 1854 నాటి తొలి స్టాంపులున్న కవర్లని మాత్రం నిపుణుల సర్టిఫికెట్ లేకుండా ఫొటో చూసి కొనను. ఆ అర అణా, అణా స్టాంపులు అంచు చిల్లులు లేకుండా వచ్చాయి. వాటికి నకిలీలున్నాయి, ఫొటో చూసి తేల్చడం కష్టం.