జాగ్రత్త: పొదుగు గుడ్లని చెప్పి లేయర్ గుడ్లు అంటగడుతున్నారు

విశాఖలో పుంజు లేకుండా రెండు మూడు పెట్టలు పెంచుకునే వాళ్లందరూ ఒకసారి చదవండి. మధురవాడలోనో గాజువాకలోనో ఇళ్ల మధ్య తెల్లారగట్ల కూత పక్కింటి వాళ్లకి ఇబ్బంది. అందుకే పుంజుని పెట్టుకోలేం. పెట్ట పొదుగుకొస్తే గుడ్లు బయట కొనాల్సిందే. ఇది తెలిసి కొందరు ఫోన్‌లో ఆర్డర్ తీసుకుని, గోధుమరంగు లేయర్ గుడ్లని (తినడానికి అమ్మే ఫారం గుడ్లని) నాటుకోడి పొదుగు గుడ్లని చెప్పి మూడు నాలుగింతల ధరకి ఇస్తున్నారు. ఈమధ్య అలా వచ్చిన డజను గుడ్లలో ఏడో రోజున టార్చి ఆనించి చూస్తే ఒక్కదాంట్లోనూ పిల్ల ఎదుగుతున్నట్టు చెప్పే ఎర్రటి నరం కనపడలేదు. అడిగితే "మీ కోడి సరిగ్గా కూర్చోలేదు" అన్నారు.

ఆ మాట నమ్మకండి. లేయర్ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్డు ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు. పెంకు రంగు పెట్ట జాతిని బట్టి వస్తుంది తప్ప పుంజు తొక్కిందో లేదో చెప్పదు. కడక్‌నాథ్ (నల్లకోడి) గుడ్డు నల్లగా ఉంటుందనేదీ అబద్ధమే. అది లేత గోధుమ లేదా మీగడ రంగులో ఉంటుంది.

కొనేటప్పుడు రెండు గుడ్లు అదనంగా తీసుకోండి. ఆ రెండూ బుట్టలోంచి మీరే ఏరి, అక్కడే పళ్లెంలో పగలగొట్టండి. పచ్చసొన మీద చిన్న తెల్లచుక్క ఉంటుంది. అది ముద్దగా, అంచులు చెదిరినట్టుంటే పుంజు తగలని గుడ్డు. నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా, ఉంగరంలా కనిపిస్తే పుంజు తగిలిన గుడ్డు. పగలగొట్టనివ్వని వాళ్ల దగ్గర కొనకండి. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు ఉందో లేదో వెళ్లి చూసి రాగలిగితే ఇంకా మంచిది.

ఉంగరం ఉన్నంతమాత్రాన పిల్లవుతుందని కాదు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డులోనూ ఉంగరం ఉంటుంది, కానీ ఆ చలికి పిల్ల అయ్యే అవకాశం పడిపోతుంది. మన ఏప్రిల్, మే ఉక్కలో బుట్టలో వదిలేసిన గుడ్డు ఇంకో రకం: 27 డిగ్రీలు దాటితే పిండం సగం సగంగా ఎదగడం మొదలై చచ్చిపోతుంది. అందుకే పెట్టి వారం దాటని గుడ్లే, అదీ నీడలో చల్లటి చోట ఉంచినవే అడగండి. కడిగి మెరిపించినవి వద్దు, పెంకు మీది సహజమైన పొర పోయాక మురికి లోపలికి దిగుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సు పార్సిల్లో వచ్చిన గుడ్లని సన్నటి మొన కిందికి పెట్టి కనీసం పన్నెండు గంటలు కదపకుండా ఉంచాకే కోడి కిందకి చేర్చండి.

నాటుపెట్టకి పది, పన్నెండు గుడ్లు చాలు. అన్నీ ఒకేసారి, చీకటి పడ్డాక పెట్టాలి. అంతకుముందు రెండు మూడు రోజులు ఉత్తుత్తి గుడ్ల మీద నిలకడగా కూర్చుందో లేదో చూడండి, లేకపోతే ఆ అమ్మేవాళ్లకి నిజంగానే సాకు దొరుకుతుంది.

ఏడో రాత్రి చీకట్లో గుడ్డు వెడల్పు వైపు టార్చి ఆనించి చూడండి. నల్లచుక్క చుట్టూ ఎర్రటి నరాలు అల్లుకుంటే పిల్ల ఎదుగుతోంది. నెత్తుటి గీత ఉంగరంలా ఉంటే పిండం మధ్యలో పోయింది. దానికి నిల్వా, ఎండా కారణం కావచ్చు, కోడి చాలాసేపు లేచిపోయినా అవుతుంది. అన్నీ తేటగా ఉంటే ఒకటి రెండు పగలగొట్టి పచ్చసొన మీది తెల్లచుక్క చూడండి. అందులో ఉంగరం లేదంటే తప్పు మీ పెట్టది కానే కాదు. ఫొటో తీసి డబ్బు వెనక్కి అడగండి. కొనేటప్పుడే సగం ఇచ్చి, మిగతాది ఏడో రోజు చూసుకున్నాక ఇస్తామని ఒప్పుకుంటే ఈ గొడవే ఉండదు.

డబ్బు కంటే మాకు బాధ పెట్ట గురించి. పొదిగే ఇరవై ఒక్క రోజులూ అది రోజుకి ఒక్కసారి, పావుగంట లేచి తిని మళ్లీ కూర్చుంటుంది, ఒళ్లు తగ్గిపోతుంది. మోసపోయిన గుడ్ల మీద ఆ రోజులన్నీ కూర్చున్నాక మళ్లీ కొత్త గుడ్లు పెడితే నలభై రోజులు దాటుతుంది. అలా చేయకండి. రెండు వారాలైనా కూర్చున్న పెట్ట కింద ఒకటి రెండు రోజుల పిల్లల్ని రాత్రిపూట మెల్లగా తోసి, పొద్దున్నే పొడుస్తోందేమో దగ్గరుండి చూడండి. పొడిస్తే వెంటనే తీసేసి బల్బు కింద పెట్టాలి.

ఆ పిల్లల్ని సంతలో, రోడ్డు పక్కన రంగులద్ది అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనొద్దు. అవి ఎక్కువగా లేయర్ హేచరీలు (గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే కేంద్రాలు) పక్కనపెట్టిన మగపిల్లలు: గుడ్లు పెట్టవు, త్వరగా బరువూ రావు, టీకాలు పడ్డాయన్న భరోసా లేదు. హేచరీ నుంచి తెచ్చుకుని, మొదటిరోజు మారెక్స్ (కోళ్లకి కాళ్లు పడిపోయే వైరస్ జబ్బు) టీకా వేశారో లేదో అడిగి, ఐదు నుంచి ఏడు రోజుల్లో కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క కంట్లో వేయించండి.