టూసాన్ దగ్గర తెల్ల చర్చి: శాన్ జేవియర్, టుమకాకొరి ఒకే రోజులో

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ దాకా వచ్చినవాళ్లు ఎక్కువగా గ్రాండ్ కాన్యన్ దారి పడతారు. దక్షిణంగా రెండు గంటలు వెళ్తే టూసాన్ శివార్లలో, తొహోనో ఓధమ్ తెగవారి నేల మీద, శాన్ జేవియర్ డెల్ బాక్ చర్చి ఉంది. ఐ-19 హైవేలో 92వ ఎగ్జిట్. ఆ రోడ్డు మీద దూరాలు కిలోమీటర్లలో ఉంటాయి, స్పీడ్ లిమిట్ మాత్రం మైళ్లలోనే. కారు లేకపోతే కష్టం.

1692లో కీనో అనే జెస్యూట్ (ఒక కాథలిక్ సన్యాసి సంఘం) పాదిరి ఇక్కడ మిషన్, అంటే మతప్రచార కేంద్రం, పెట్టారు. ఇప్పుడున్న చర్చిని ఫ్రాన్సిస్కన్లు అనే మరో కాథలిక్ సంఘం వాళ్లు 1783–1797 మధ్య కట్టించారు. తూర్పు గోపురానికి పైకప్పు ఎన్నడూ పడలేదు. లోపల పాలరాయిలా కనిపించేదంతా రంగులతో గీసిందే. కిటికీలు పైన ఉండటంతో చీకటిగా ఉంటుంది. లోపలికి వెళ్లగానే ఫొటోలు తీయకుండా ఐదు నిమిషాలు కూర్చోండి, కళ్లు అలవాటుపడ్డాకే రంగులు తెలుస్తాయి. బైనాక్యులర్స్ ఉంటే పై బొమ్మలూ చూడొచ్చు. ఎడమ వైపు పడుకున్న భంగిమలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విగ్రహం ఉంటుంది. పాత గోవాలో భౌతికకాయం ఉన్న సెయింట్ ఈయనే. భక్తులు ఆ తల కింద చెయ్యిపెట్టి ఎత్తి మొక్కుకుంటారు.

గోడల సంగతి తప్పక తెలుసుకోవాలి. 1980ల్లో పూసిన సిమెంట్ తేమను బయటికి పోనివ్వక ఇటుకను లోలోపల తినేసింది. దాన్ని చెక్కేసి, నాగజెముడు రసం కలిపిన సున్నం పూస్తున్నారు. మన పాత గుళ్లలో గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు పోసినట్టే.

టికెట్ లేదు, హుండీలో తోచింది వేయొచ్చు. చెప్పులు విప్పనక్కర్లేదు, టోపీ తీయాలి. ఇది నేటికీ పూజలు జరిగే చర్చి. ఆదివారం మాస్ (సామూహిక ప్రార్థన) సమయంలో చూడటానికని తిరగడం మర్యాద కాదు, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. బయట ఓధమ్ వాళ్లు వేడివేడి ఫ్రై బ్రెడ్ అమ్ముతారు. శాకాహారులు తేనె వేసింది తీసుకోవచ్చు, కానీ ఏ నూనెలో వేయించారో, పంది కొవ్వు వాడారో ముందే అడగాలి.

మధ్యాహ్నం టుమకాకొరికి, 29వ ఎగ్జిట్. ఇది నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉంది, ప్రవేశ రుసుము ఉంటుంది, వార్షిక పాస్ చెల్లుతుంది. పూర్తికాని చర్చి, పైకప్పు లేని గుండ్రటి మృతుల ప్రార్థనా మందిరం, రాలిన పూత కింద పచ్చి ఇటుక వరసలు. కట్టడం ఎలా నిలబడిందో అర్థం కావాలంటే శాన్ జేవియర్ కన్నా ఇదే మేలు. ఒక్కటే చూసే వీలుంటే మాత్రం శాన్ జేవియరే.

తిరుగు దారిలో, ఉత్తరంగా వచ్చేటప్పుడు, ట్యూబాక్ అనే ఊరు దాటాక బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ వస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) కాగితం వెంట ఉంచుకోవాలి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు కార్డు. ఫోన్‌లో ఫొటో ఉందిలే అని ఊరుకోవద్దు.

బసకు టూసాన్ ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటళ్లు అనువు, చర్చికి దగ్గర. నవంబర్ నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా రత్నాల ప్రదర్శనకు ఊరంతా నిండిపోయి గది అద్దెలు బాగా పెరుగుతాయి, ఆ వారాలు వదిలి బుక్ చేసుకోండి.