పీడీఎఫ్, వీడియో కోర్సు, లైవ్ బ్యాచ్: బ్లౌజ్ కటింగ్ నేర్పి సంపాదించాలంటే ఏది ముందు?

మా వదిన పదహారేళ్లుగా బ్లౌజులు కుడుతోంది. పోయిన సంవత్సరం ఈ పనిని ఆన్‌లైన్‌లో నేర్పాలనుకుంది. రాసి అమ్మాలా, వీడియోలు తీసి అమ్మాలా, నేరుగా క్లాసులు చెప్పాలా అన్నది తేలక మూడూ చేసి చూశాం. నా ఓటు లైవ్ బ్యాచ్‌కే. ఎందుకో చెప్తాను.

ముందు చేసింది పీడీఎఫ్. 32 నుంచి 42 ఛాతీ కొలత వరకు పట్టికలు, కటోరి, ప్రిన్సెస్ కట్ అనే బ్లౌజ్ రకాల బొమ్మలు వేసి 199 రూపాయలకు పెట్టాం. ఖర్చు దాదాపు లేదు. గుడ్డ బల్ల మీద పరిచాక ఒక్కసారి చూసుకోవడానికి పట్టికను మించింది లేదు. కానీ చంక చుట్టు ఎంత పెట్టాలో పట్టిక చెప్తుంది. భుజాలు జారినట్టుండే మనిషికి ఎంత తగ్గించాలో చెప్పదు. పైగా ఒకరు కొంటే సాయంత్రానికి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. దాన్ని ఆపే దారి మాకు దొరకలేదు.

తర్వాత వీడియో కోర్సు, ఇరవై పాఠాలు, 999 రూపాయలు. దీనికి రెండు నెలలు పట్టింది. లేత రంగు గుడ్డ మీద తెల్ల చాక్‌పీసు గీత కెమెరాలో కనపడక సగం పాఠాలు మళ్లీ తీశాం. మెషీన్ చప్పుడులో మాట వినపడక గొంతు విడిగా రికార్డు చేశాం. ఇంతా చేస్తే, "యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి కదక్కా" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. సమాచారం ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో చూసి చెప్పే మనిషే దొరకట్లేదు.

ఉడెమీ లాంటి, కోర్సులు అమ్మిపెట్టే సైట్‌లో పెట్టడం గురించీ ఆలోచించాం. మనం పంచిన కూపన్‌తో వచ్చిన అమ్మకంలో 97 శాతం మనకి, వాళ్ల సైట్‌లో వెతుక్కుని కొన్నదాంట్లో 37 శాతమే. కొనేవాళ్లని మనమే తెచ్చుకోగలిగితే ఫర్వాలేదు, కొత్తవాళ్లకి అదే కదా కష్టం.

చివరికి లైవ్. పదిహేను మంది, ఒక్కొక్కరికి 1,500, పన్నెండు క్లాసులు. పిల్లలు బడి నుంచి రాకముందు, మధ్యాహ్నం మూడింటికి. ఉచిత జూమ్ నలభై నిమిషాలకే ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో గంట దొరుకుతుంది కాబట్టి అందులో పెట్టాం. డబ్బు నేరుగా యూపీఐలో తీసుకున్నాం. వెబ్‌సైట్ పెట్టి, అందులో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే సేవ తీసుకుంటే సుమారు రెండు శాతం పోతుంది.

రెండో రోజు అందరూ పేపర్ కటింగ్ ఫోటోలు పంపారు. సగం మందికి పైగా కుట్టుకి వదలాల్సిన గుడ్డ వదల్లేదు. వదిన నిర్ఘాంతపోయింది. వీడియోలో ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లింది మరి. పదహారేళ్లు చేసిన చేయి అర అంగుళం దానంతటదే వదిలేస్తుంది, నోరు ఆ మాట చెప్పదు. నేర్పేవాళ్లకి తమకే తెలియని ఇలాంటి ఖాళీలు విద్యార్థి గుడ్డ పాడయ్యాకే బయటపడతాయి. లైవ్ ముందు పెట్టుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

డబ్బు లెక్కా చూడండి. పదిహేను మందితో 22,500 వచ్చింది. అంత రావాలంటే పీడీఎఫ్‌లు 114, వీడియో కోర్సులు 23 అమ్మాలి. పేరు తెలియని మనిషి దగ్గర 23 మంది కొనడమే గగనం. లైవ్‌కి పదిహేను మంది మాత్రం తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లతో నిండారు. అయితే ఫోటోలు చూడటంతో కలిపి ఒక బ్యాచ్‌కి ముప్పై గంటలు పోతాయి, తర్వాతి బ్యాచ్‌కి మళ్లీ ముప్పై. ఒళ్లు అలిసిపోతుంది. వీడియోకి ఆ బాధ లేదు, అందుకే దాన్ని వదిలేయమనను. జీఎస్టీ గురించి మొదట్లోనే టెన్షన్ పడొద్దు, ఇలాంటి సేవలకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. దాటాక ఫీజు మీద 18 శాతం కట్టాలి.

మీరు నేర్పేది టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరో ఎక్సెలో అయితే నా లెక్క మారుతుంది. స్క్రీన్ మీద జరిగే పనిని స్క్రీన్ రికార్డింగే బాగా చూపిస్తుంది, అక్కడ వీడియోతో మొదలుపెట్టొచ్చు.

వదినది ఇప్పుడు నాలుగో బ్యాచ్. పీడీఎఫ్‌ని విడిగా అమ్మడం మానేసి బ్యాచ్‌లో చేరినవాళ్లకి ఇస్తోంది. మూడు బ్యాచ్‌ల్లో వచ్చిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. వచ్చే వారం మూడో పాఠం మళ్లీ తీస్తున్నాం, ఈసారి ముదురు నీలం గుడ్డ మీద, మొదటి ఐదు నిమిషాలూ కుట్టుకి వదిలే గుడ్డ గురించే.