సంక్రాంతి కార్డుల చిరునామాల పట్టిక: పిన్ కోడ్ వరుస చేసిన మేలు

పండుగ కార్డుల చిరునామాలను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుని, మెయిల్ మర్జ్‌తో (పట్టికలోని చిరునామాలను లేబుళ్ల మీదికి వాటంతటవే ఎక్కించే సౌకర్యం) లేబుళ్లు తీసి కవర్ల మీద అంటించే పద్ధతిని కందుకూరులోని మా ఇంట్లో చాలా ఏళ్లుగా వాడుతున్నాము. కొత్త సంవత్సరానికీ సంక్రాంతికీ కలిపి ఒకే కార్డు డిసెంబరు చివర్లో పోస్టు చేయడం మా ఆనవాయితీ. పట్టిక ఎలా తయారు చేయాలో, లేబుల్ కాగితం ఏ కొలతలో తీసుకోవాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక ఆ వివరాల జోలికి పోను. ఇన్నేళ్ల వాడకంలో నాకు అమితమైన సంతోషాన్ని కలిగించింది ఒక్కటే: పిన్ కోడ్‌ను చిరునామాలో కలిపేయకుండా దానికంటూ ఒక నిలువు వరుసను విడిగా కేటాయించడం.

చిరునామాలను పేర్ల అక్షరక్రమంలో పెట్టుకోవడం మన ప్రాంతంలో పెద్దగా అక్కరకు రాదు. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు, మాలకొండ స్వామి పేరు పెట్టుకున్న మాలకొండయ్యలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పైగా ఇంటిపేరు పొడి అక్షరం ముందుంటుంది కాబట్టి ఒకే ఇంటి మనుషులు కూడా, పెళ్లై వెళ్లిన ఆడపడుచులతో సహా, పట్టికలో తలా ఒక మూలకు చేరతారు. పిన్ కోడ్ ప్రకారం వరుస పెడితే మాత్రం 523105 కింద కందుకూరు వాళ్లు, 523155 కింద చీరాల వాళ్లు, 523316 కింద మార్కాపురం వాళ్లు, 524101 కింద గూడూరు వాళ్లు ఒక్కచోటికి వస్తారు. లేబుళ్లు కూడా అదే వరుసలో అచ్చవుతాయి, కవర్లను అదే వరుసలో కట్టలు కట్టి పోస్టాఫీసులో ఇవ్వవచ్చు.

ఆ వరుస అసలు విలువ మాకు 2022లో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన అమలులోకి రావడంతో మా పట్టికలోని చాలా చిరునామాల చివర ఉన్న జిల్లా పేరు ఒక్కరోజులో పాతబడిపోయింది. కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు మారింది. చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాలో చేరాయి. గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. కార్డుల పని మొదలుపెట్టే సమయానికి ఇంట్లో ఏ ఇద్దరి మాటా కలవలేదు. కొత్త జిల్లా పేరు వేయకపోతే కార్డు తిరిగివస్తుందని మా తమ్ముడు, పాత పేరు తీసేస్తే ఊళ్లోని పోస్ట్‌మ్యాన్‌కు తికమక అవుతుందని మా అమ్మ వాదించారు. 1970లో ఒంగోలు జిల్లా (తరువాతి ప్రకాశం) ఏర్పడేదాకా కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక ఇది మన పాత ఇల్లేనని మా పెదనాన్న గారు సంతోషించారు. చీరాల బంధువులకు ఫోన్ చేసి అడిగితే ఒకరు ప్రకాశం అన్నారు, ఒకరు బాపట్ల అన్నారు. పోస్టాఫీసు కౌంటరులో విచారిస్తే, ఊరి పేరూ పోస్టు పేరూ పిన్ కోడూ సరిగ్గా ఉంటే జిల్లా గురించి దిగులు వద్దని చెప్పారు. అప్పటికప్పుడు ప్రతి చిరునామాకూ కొత్త జిల్లాను సరిచూసే వ్యవధి లేక, జిల్లా వరుసను పట్టికలో ఉంచుతూనే లేబుల్ మీద మాత్రం రాకుండా తీసేశాము. ఆ సంక్రాంతికి జిల్లా పేరు కారణంగా వెనక్కి వచ్చిన కార్డు ఒక్కటి కూడా లేదు. తిరిగివచ్చిన కొన్నీ ఇల్లు మారిన వాళ్లవే.

ఎందుకిలా జరిగిందో ఆలోచిస్తే ఆ అంకెల మీద నా గౌరవం మరింత పెరిగింది. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన పిన్ కోడ్‌లో మొదటి మూడు అంకెలు తపాలా శాఖ ఉత్తరాలను వేరు చేసుకునే ప్రాంతాన్ని, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసును సూచిస్తాయి. రెవెన్యూ జిల్లా సరిహద్దు ఎటు జరిగినా వాటిని మార్చవలసిన పని లేదు. అందుకే చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లినా దాని పిన్ కోడ్ 523తోనే మొదలవుతుంది, బాపట్లది మాత్రం 522101. గూడూరుకు 524 అలాగే ఉండిపోయింది, తిరుపతిది 517501.

ఇంతగా మెచ్చుకున్నాను కానీ, ఈ వరుస దానంతట అది సవ్యంగా ఉండదు. పిన్ కోడ్‌ను మూడేసి అంకెలుగా విడదీసి రాసే అలవాటు మనలో చాలామందికి ఉంది. పట్టికలో అలా మధ్యలో ఖాళీ వదిలి 523 105 అని ఎక్కిస్తే, కంప్యూటర్ దాన్ని అంకెగా కాక అక్షరాల మాటగా తీసుకుని, వరుస పెట్టినప్పుడు అన్నిటికన్నా కిందికి తోసేస్తుంది. ఒకే వీధిలోని రెండిళ్లు రెండు వేర్వేరు కట్టల్లోకి పోవడానికి ఈ చిన్న ఖాళీ చాలు. నిలువు వరుస మొత్తాన్ని ముందే టెక్స్ట్‌గా మార్చి, ఖాళీలన్నీ తీసేసిన తరువాతే వరుస పెట్టాలి.

అలాగే పిన్ కోడ్ ఒక్కటే ఇంటిదాకా తీసుకుపోదు. ఒకే సంఖ్య కింద ఎన్నో పల్లెలు ఉంటాయి, పల్లెల్లో డోరు నంబరుతో ఇల్లు పట్టడం అరుదు. అక్కడ గ్రామానికి ఒక గడి, బ్రాంచి పోస్టాఫీసుకు మరొక గడి తప్పవు; తండ్రి పేరో, రామాలయం ఎదురిల్లు అన్న గుర్తో కూడా ఉండాలి. ఇద్దరు మాలకొండయ్యలున్న ఊరికి వెళ్లే కార్డును సరైన గడపకు చేర్చేది ఆ గుర్తే. చెన్నై, బెంగళూరులలో ఉన్నవారికి తెలుగు లేబుల్ పనికిరాదు కాబట్టి ఇంగ్లీషు చిరునామాకు వేరే వరుస పెట్టవలసివచ్చింది. తెలుగు చిరునామాలను ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే టైపు చేయించండి. ఒక డీటీపీ సెంటరులో పాత ఫాంటుతో కొట్టించిన భాగం మా కంప్యూటరులో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించి, మొత్తం మళ్లీ ఎక్కించవలసివచ్చింది.

పట్టిక ఎంత చక్కగా ఉన్నా చేయలేని పని ఇంకొకటి ఉంది. ఇంట్లో పెద్దలు పోయినవారికి సంవత్సరీకం జరిగేదాకా పండుగ ఉండదు, వారికి శుభాకాంక్షల కార్డు పంపడం మనసు నొప్పించడమే అవుతుంది. దాని కోసం ‘ఈ ఏడు పండుగ లేదు’ అని ఒక గడి పెట్టి, మెయిల్ మర్జ్‌లో ఆ ఇళ్లను వడగట్టి వదిలేస్తాము. ఆ గడిని నింపే కబురు మాత్రం మనుషుల నోటి నుంచే రావాలి. అందుకే డిసెంబరు మొదటి వారంలో మా అమ్మ దగ్గర కూర్చుని పట్టికంతా ఒకసారి పైకి చదవడం మా ఇంట్లో మానలేదు.

నా సిఫారసుకు మా ఇంటి పరిస్థితులే ఆధారం. మా బంధువులు ఎక్కువగా ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో ఉన్నారు, కార్డు అందితే దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, టైపు చేసిపెట్టే పిల్లలు మాకు ఉన్నారు. పదీ ఇరవై ఇళ్లకు మాత్రమే పంపేవారికి ఒక నోటుపుస్తకం సరిపోతుంది, ఇంత శ్రమ అక్కరలేదు. వందకు పైబడి ఊరూరా పంపేవారికి, అందులోనూ 2022లో జిల్లా మారిన ఊళ్లలో బంధువులున్నవారికి, ఈ పట్టిక తప్పకుండా పనికివస్తుంది. మొదలుపెట్టేవారు ముందుగా పిన్ కోడ్ వరుసను నింపి, ప్రతి సంఖ్యనూ ఆ ఇంటివారినే అడిగి సరిచూసుకోవాలి. మిగతా గడులు తీరిక దొరికినప్పుడు నింపుకోవచ్చు.