నోటిమాటా, నోటరీ కాగితమా?

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ముదిరాక వెంటిలేటర్, ముక్కులో గొట్టం వద్దనుకునేవాళ్లు మన గుంటూరులో చాలావరకు పిల్లలకు నోటిమాటగా చెప్పి ఊరుకుంటారు. పైసా ఖర్చు లేదు. కానీ అర్ధరాత్రి ఐసీయూ ముందు పెద్దబ్బాయి ఒకటంటే, అమెరికా నుంచి ఫోన్లో చిన్నమ్మాయి ఇంకొకటంటుంది. అప్పటికి నాన్నగారి గొంతు పీలగా అయిపోయి, ఏమంటున్నారో ఎవరికీ వినపడదు.

అదే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితానికి (లివింగ్ విల్) ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. ఇలాంటి కాగితాన్ని అనుమతించిన 2018 తీర్పులోని మేజిస్ట్రేటు సంతకం నిబంధనను సుప్రీంకోర్టు 2023లో తీసేసింది. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. నా ఓటు దీనికే, అదీ చేతిరాత చీమల బారులా చిన్నదైపోకముందే. పనిలో పనిగా మందుల చీటీ కూడా జతచేయండి: పార్కిన్సన్స్ మందు లెవొడోపా వేళ తప్పకూడదు, వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు.