పాత కార్బ్యురేటర్ కారుకి ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంప్: వాడి చెప్తున్నా

నా పాత కారులో కార్బ్యురేటర్‌కి (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) పెట్రోల్ అందించే, ఇంజిన్‌తో నడిచే మెకానికల్ పంప్ తీయించి, తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంప్ పెట్టించాను. నాకు బాగా నచ్చింది. కారు చాలా రోజులు కదలకపోయినా కీ తిప్పగానే పంప్ టకటకమని మొదలవుతుంది. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలవుండే చిన్న గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్, నిండేకొద్దీ ఆ చప్పుడు నెమ్మదిస్తుంది. అప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ వెంటనే అందుకుంటుంది. ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే వచ్చే వేపర్ లాక్ (వేడికి పెట్రోల్ దారిలోనే ఆవిరై ఇంజిన్‌కి సరిగా అందకపోవడం) టెన్షన్ కూడా తగ్గింది. పాత పంప్ వేడి ఇంజిన్‌కి అతుక్కుని పెట్రోల్‌ని లాగేది. ఇది ట్యాంక్ దగ్గర, కింద ఉండి నెడుతుంది.

కొనేముందు ప్రెషర్ తప్పక చూడండి. చాలా కార్బ్యురేటర్లకి 3 నుంచి 6 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చాలు. ఇంజెక్షన్ కార్ల (కార్బ్యురేటర్ లేకుండా పెట్రోల్‌ని చిమ్మే రకం) పంపులు చాలావరకు 40 పైనే ఇస్తాయి. అంత ఒత్తిడికి, ఫ్లోట్ బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపాల్సిన నీడిల్ వాల్వ్ ఆగదు, పెట్రోల్ పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది.

నా ఫిర్యాదల్లా ఒకటే, కిట్‌లో సేఫ్టీ స్విచ్ ఇవ్వలేదు. మెకానికల్ పంప్ ఇంజిన్ ఆగితే తానూ ఆగుతుంది. ఇది మాత్రం యాక్సిడెంట్ అయినా, కీ ఆన్‌లో ఉంటే పెట్రోల్ తోస్తూనే ఉంటుంది. ఇంజిన్ ఆగి ఆయిల్ ఒత్తిడి పడిపోతే పంప్‌ని ఆపే ఆయిల్ ప్రెషర్ స్విచ్, పంప్‌కి కరెంట్ ఇచ్చి ఆపే రిలే విడిగా కొని పెట్టించాను. అవి లేకుండా వాడొద్దు.

రోజూ తిరిగే కారులో పాత పంప్ బాగుంటే దాన్నే ఉంచుకోండి. అప్పుడప్పుడు ఇంజిన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆ పంప్‌లోని డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరిగి పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతోందేమో వెంటనే చూపించాలి.