చేదు జ్ఞాపకం: మన కళ్లతో చూడాలా, పక్కన నిలబడి చూడాలా?

2023 జూలై వానలకు హన్మకొండ నయీంనగర్‌లో మా ఇంట్లోకి నీళ్లొచ్చిన రాత్రి నాకు రెండు రకాలుగా గుర్తొస్తుంది. ఒకటి నా కళ్లతోనే: కరెంటు లేదు, మోకాళ్ల దాకా చల్లటి నీళ్లు, చేతిలో అమ్మ చెయ్యి, ఇప్పుడు తలచుకున్నా గుండె దడదడే. రెండోది ఎదురింటి డాబా మీద నుంచి ఎవరో చూస్తున్నట్టు. అందులో నేను కూడా కనిపిస్తాను, టెన్షన్ చాలా తగ్గుతుంది.

ఈ తేడాను 1983లోనే నైగ్రో, నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించారు. అప్పటి భావాల మీద దృష్టి పెడితే మొదటి చూపు ఎక్కువగా వస్తుందని, పాతబడ్డ జ్ఞాపకాల్లో రెండోది పెరుగుతుందని గమనించారు.

నిద్ర పట్టని రాత్రి నాకు రెండోదే మేలు. దూరం నుంచి చూస్తూ ‘ఎందుకంత భయపడ్డాను’ అని నన్ను నేనే ప్రశ్నించుకుంటే, అదే బాధను తిరగతోడుకోవడం తగ్గుతుంది. కానీ ఎప్పుడూ దూరంగానే ఉంటే అది తప్పించుకోవడమే అవుతుంది కదా! అందుకే మనసుకు పెద్ద గాయం తగిలినవాళ్లకు చేసే ఒక రకం చికిత్సలో, కళ్లు మూయించి, ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటి చూపుతోనే చెప్పిస్తారు, అది మాత్రం నిపుణులు పక్కనుండగా చేయాల్సిందే, ఇంట్లో ఒంటరిగా వద్దు.

అమ్మకు ఇప్పటికీ మొదటి చూపే. వాన మొదలైతే బియ్యం సంచి మంచం మీదికెక్కుతుంది.